అద్దె ఇంటికి ఏ గీజర్: ట్యాంకుదా, ఇన్‌స్టంటా?

అద్దెకిచ్చే ఇంట్లో గీజర్ పెట్టే ముందు వైరింగ్ చూడాలి. ట్యాంకు గీజర్ మామూలుగా 2 కిలోవాట్లతో నడిచిపోతుంది. 25 లీటర్ల నీళ్ల వేడి 35 డిగ్రీలు పెరగడానికి అరగంట పడుతుంది, కానీ ఆ తర్వాత బకెట్‌కైనా షవర్‌కైనా ధారాళంగా వస్తాయి. ఇన్‌స్టంట్‌లో ఆ ఎదురుచూపు లేదు, నిల్వ నీళ్లు చల్లారి కరెంటు వృథా అయ్యే బెడదా లేదు. అయితే 3 కిలోవాట్లది 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి సుమారు రెండు లీటర్లే ఇస్తుంది. చలికాలం పొద్దున షవర్ కింద నిలబడ్డవాళ్లకు ఆ సన్నటి ధార ఏం సరిపోతుంది? ఇల్లంతటికీ ఇన్‌స్టంటే కావాలంటే, కరెంటుదైతే లావు వైర్లు, గ్యాస్‌దైతే పొగగొట్టం ఖర్చు అదనం.

ఉప్పు నీళ్లయితే రెండిటికీ గార పడుతుంది. ట్యాంకులో యానోడ్ రాడ్ (ట్యాంకుకు బదులు తాను తుప్పు పట్టే లోహపు కడ్డీ) అరిగిపోతే ట్యాంకే తుప్పు పడుతుంది. అద్దెవాళ్లు దాన్ని విప్పి చూడరు, చూడమనడం న్యాయమూ కాదు. ఓనరే ఏడాదికోసారి చెక్ చేయించాలి, సేఫ్టీ వాల్వ్‌తో సహా.

కుటుంబం ఉండే ఇంటికి నేనైతే ట్యాంకుదే పెట్టిస్తాను. వంటింటి సింకుకు ఇన్‌స్టంట్ చాలు. గ్యాస్‌ది మాత్రం గాలాడని బాత్రూంలో వద్దే వద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు.