నాలుగేళ్లుగా మేడ మీద యూరప్ కత్తిసాము: మొద్దు కత్తి, పదును కత్తి, తుంగచాప

నా దగ్గర రెండు కత్తులున్నాయి. ఒకటి మొద్దుది, ఒకటి పదునుది. నాలుగేళ్ల కింద కొన్నప్పుడు మనసంతా పదునుదాని మీదే. మొద్దుది లేకుండా నేర్చుకోవడం కుదరదన్నారు కాబట్టి దాన్ని కొన్నానంతే. మొన్న డైరీ తిరగేసి లెక్క చూస్తే, పదును కత్తి పెట్టెలోంచి బయటికొచ్చింది మొత్తం 31 సార్లు. మొద్దుది మాత్రం జ్వరాలు, వానలు, పెళ్లిళ్లు పోను రోజూ పొద్దున చేతిలోనే ఉంది. కొనే ముందు నాకెవరైనా ఈ లెక్క చెప్పి ఉంటే డబ్బు వేరేగా ఖర్చు పెట్టేవాణ్ణి.

ముందుగా ఈ విద్య సంగతి నాలుగు మాటల్లో. యూరప్‌లో లాంగ్‌స్వార్డ్ అనే రెండు చేతుల కత్తితో చేసే సాము గురుశిష్య పరంపరగా మిగల్లేదు, మధ్యలో తెగిపోయింది. మిగిలినవి పుస్తకాలు. 14వ శతాబ్దపు జర్మన్ గురువు యోహానెస్ లీష్టెనావర్ పాఠమంతా పద్యాల్లో ఉంటుంది. బయటివాళ్లకు అర్థం కాకూడదనే అలా కట్టారట. తర్వాతివాళ్లు వాటికి వ్యాఖ్యానాలు రాశారు. టీకా తాత్పర్యం లేకుండా మనం ప్రబంధం చదివితే ఎలా ఉంటుందో, వ్యాఖ్యానం లేకుండా ఆ పద్యాలు అలాగే ఉంటాయి. ఇప్పుడు ఈ రాతప్రతులూ వాటి అనువాదాలూ విక్టెనవర్ అనే సైట్లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని చదివి, చేసి చూసి, మళ్లీ నిలబెట్టుకుంటున్న విద్య ఇది. హిస్టారికల్ యూరోపియన్ మార్షల్ ఆర్ట్స్ అని పేరు, ముద్దుగా హీమా అంటారు. నిలబడే భంగిమల పేర్లలో ఒకటి ఎద్దు, ఒకటి నాగలి, ఒకటి వెర్రోడు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాణ్ణి, గుర్తుపెట్టుకోవడానికి నాకేం కష్టం కాలేదు.

ఇక మొద్దు కత్తి. దీన్ని ఫెడర్ అంటారు, జర్మన్‌లో ఈక అని అర్థం. నాది 132 సెంటీమీటర్లు, 1.4 కిలోలు. సినిమాల్లో హీరో రెండు చేతులా మోయలేక మోస్తాడు గానీ, అసలు బరువు లీటరున్నర నీళ్ల సీసా కన్నా తక్కువే. అంచు మందంగా, మొన గుండ్రంగా ఉంటుంది. ఎదుటివాణ్ణి పొడిస్తే బ్లేడు విల్లులా వంగుతుంది, అదే దాని గొప్ప. హాల్లో దాన్ని ఒక్కసారే తిప్పాను. ఫ్యాన్ రెక్క వంగింది. పదడుగుల కప్పు కింద మనిషి చెయ్యెత్తి, ఆ చేతిలో నాలుగడుగుల ఉక్కు ఉంటే ఏమవుతుందో లెక్క వేసుకోకపోవడం నా తెలివి. ఆ రోజు నుంచి సాము మేడ మీదే.

మేము ఉండేది మల్కాజిగిరిలో, రెండంతస్తుల ఇల్లు. మేడ మీద సింటెక్స్ ట్యాంకు, డిష్ యాంటెనా, బట్టలారేసే తీగలు పోగా పన్నెండడుగులకు పదిహేనడుగుల జాగా మిగిలింది. ఒక సరుగుడు కర్రను ఇసుక, సిమెంటు పోసిన పెయింటు డబ్బాలో నిలబెట్టి, దానికి పాత స్కూటర్ టైర్లు మూడు తొడిగాను. నా ఎదుటి మనిషి అదే. 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో యోఆఖిమ్ మేయర్ అచ్చు వేయించిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఎదుటి మనిషిని నాలుగు భాగాలు చేసి, ఏ భాగం తర్వాత ఏది కొట్టాలో అంకెలు వేసి ఉంటుంది. ఒంటరిగా చేసేవాడికి అంతకు మించిన పాఠం నాకు కనపడలేదు. ఎడమ పైన, కుడి కింద, ఎడమ కింద, కుడి పైన. తర్వాత వరస మార్చి మళ్లీ. ఇరవై నిమిషాలు చేస్తే చొక్కా పిండుకోవాలి. మే నెలలో ఏడు దాటితే గచ్చు కాలుతుంది కాబట్టి ఐదున్నరకే మొదలు. రెండో వారంలో పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసి అడిగింది: "ఏం బిడ్డా, పొద్దుగాల్నే బొంతలు ఉతుకుతున్నరా?" అప్పటి నుంచి టైర్ల మీద పాత దుప్పటి చుడుతున్నా.

నాలుగేళ్లలో ఫెడర్ బ్లేడుకు ఏమీ కాలేదు. ఆదివారాలు తోటివాళ్లతో చేసే సాములో ఎదుటి కత్తులు తగిలిన చోట అంచున గరుకు లేస్తే ఆకురాయితో రుద్దుతాను, అంతే. పోయింది పిడి మీది తోలు. మన చెమటకు రెండేళ్లలో నల్లబడి, ఊడి, కంపు కొట్టింది. క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్ ఎక్కించి తెగ సంబరపడ్డాను. వారానికే తెలిసింది తప్పని. ఈ సాములో బొటనవేలు బ్లేడు మీదకు తెచ్చి, పిడిని చేతిలోనే తిప్పి అడ్డంగా కొట్టే దెబ్బలున్నాయి. రబ్బరు జారదు, కానీ తిరగదు కూడా. ఇప్పుడు నూలు నాడా బిగించి చుట్టాను. చెమట పీలుస్తుంది, మాసిపోతే విప్పి ఉతికేస్తా.

తుప్పు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. ఇవి స్టెయిన్‌లెస్ కావు, కార్బన్ స్టీలు. స్టెయిన్‌లెస్ ఇంత పొడుగు బ్లేడుకు పనికిరాదు, విరుగుతుంది. మొదటి వానాకాలం ఇంట్లో ఉంది కదాని కొబ్బరి నూనె రాశాను. మూడు వారాలకు అది జిగురై, దుమ్ము పట్టి, దాని కింద నారింజ రంగు చుక్కలు తేలాయి. కుట్టు మిషన్ నూనె పలచగా పూయండి, చాలు. పదును కత్తిని తోలు ఒరలో పెట్టి అటక మీద వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. నాది నూలు గుడ్డలో చుట్టి, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. దసరా ఆయుధపూజకు మాత్రం అమ్మ దాన్ని కింద పెట్టించి పసుపు, కుంకుమ బొట్లు పెడుతుంది. తడి బొట్టు రాత్రంతా అలాగే ఉండి, పొద్దున తుడిస్తే ఉక్కు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ. ఇప్పుడు నూనె మరో చుక్క ఎక్కువ వేసి మరీ అమ్మకు ఇస్తున్నా.

ఇంతకూ పదును కత్తితో చేసేది కోత పరీక్ష. నరికే వస్తువును నిలబెట్టి ఒక దెబ్బ కొట్టి చూసుకోవడం. బ్లేడు వెళ్లే దారీ, అంచు చూసే దిక్కూ ఒకటే అయితే తెగుతుంది. అణువంత తేడా ఉన్నా కత్తి చెక్కలా మారి తోసేస్తుంది. బలం పనికి రాదు. ఈ మాట నాకు వందసార్లు చెప్పారు, నేను వందసార్లు తలూపాను, తర్వాత వెళ్లి బలంగా కొట్టాను.

మొదట నీళ్ల సీసాలు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పోసి స్టాండు మీద పెట్టి కొడితే, అది తెగకుండా ఎగిరి ట్యాంకుకు తగిలి పగిలింది. ఆ నెలంతా అదే కథ. సరిగ్గా పడిన రోజు మాత్రం చప్పుడే లేదు. పైముక్క పక్కకు జారింది, కిందిముక్క కదల్లేదు, అందులో నీళ్లు అంచు దాకా నిలబడి సన్నగా వణుకుతున్నాయి. చేతికి ఏమీ తగిలినట్టే లేదు. ఆ ఒక్క దెబ్బ కోసం మళ్లీ రెండు వారాలు పట్టింది.

తర్వాత అరటి బోదె. దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తా: మెత్తటి మోసం. ఎలా కొట్టినా తెగుతుంది. వీడియోకు బాగుంటుంది, చుట్టాలు చప్పట్లు కొడతారు, నేర్చుకునేది సున్నా. మనవాళ్లు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పేర్లు పెట్టారు కదా, బోదె అచ్చంగా కదళీపాకమే. పైగా దాని రసం బట్టలకు అంటితే పోని మరక, బ్లేడుకు అంటితే నల్లటి చార. నరికిన వెంటనే తుడవాలి.

అసలు పరీక్ష చాప. ప్రపంచమంతా దీనికి జపాన్ తాటామి చాప వాడతారు. ఇక్కడ తుంగచాప దగ్గరగా సరిపోతుంది. బేగంబజార్‌లో మొదటిసారి కొన్నది చూడ్డానికి చాపే, పడుగులో ప్లాస్టిక్ దారం. కత్తి దానికి చిక్కుకుని స్టాండుతో సహా పడింది. నూలు దారంతో నేసింది అడిగి తీసుకోండి. గట్టిగా చుట్టి, మూడు చోట్ల పురికొస కట్టి, డ్రమ్ములో రాత్రంతా నానబెట్టి, పొద్దున అరగంట నిలబెట్టి నీళ్లు ఓడ్చాలి. కోశాక తెగిన ముఖం చూడండి, మాస్టారు ఎర్ర ఇంకుతో దిద్దినట్టే ఉంటుంది. నున్నగా, పలకలా ఉంటే దెబ్బ మంచిది. గరిటెతో తీసినట్టు గుంటపడి ఉంటే, దెబ్బ మధ్యలో మణికట్టు తిరిగిందన్నమాట. నాకు కుడి నుంచి కొట్టిన ముఖాలు నున్నగా ఉంటాయి, ఎడమ నుంచి కొట్టినవి నాలుగేళ్లయినా గరిటెలే. టైర్ల ముందు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. కాకపోతే సంగతి తెలిశాక, సరిదిద్దుకోవాల్సింది మళ్లీ ఫెడర్‌తోనే.

ప్రమాదం అంచుకు వెళ్లింది ఒకేసారి. రెండో ఏడాది, చాప ముందు ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడి, కుడి భుజం మీంచి ఏటవాలుగా కిందికి కొట్టాను. చాప వెన్నలా తెగింది. తెగిన తర్వాత కత్తి ఆగదు కదా. కుడికాలు వేయడం మర్చిపోయాను. బ్లేడు నా ఎడమ మోకాలి పక్కనుంచి జానెడు దూరంలో వెళ్లి గచ్చుకు తగిలింది. టంగుమన్న చప్పుడు ఇంకా చెవిలో ఉంది. కాసేపు మెట్ల మీద కూర్చున్నా, చేతులు వణుకుతుంటే. కుడి నుంచి కొడితే కుడికాలు కూడా రావాలి, రాకపోతే దెబ్బ పొట్టిదవుతుందని ఆ పాత వ్యాఖ్యానాల్లో చదువుకున్నదే. దెబ్బ సంగతి రాశారు గానీ మోకాలి సంగతి నేనే కనిపెట్టాను. ఆ రోజు నుంచి మా ఆవిడ పెట్టిన రూలు: పదును కత్తి బయట ఉన్నంతసేపూ మేడ తలుపుకు నా వైపు నుంచి గొళ్లెం. పిల్లలే కాదు, ఎవరూ పైకి రాకూడదు. చెప్పుల్లేకుండా కోత వద్దు. మొదలుపెట్టే ముందు పిడి పట్టుకుని, బ్లేడును అంచు వైపు కాకుండా చదునుగా ఉన్న వైపు అరచేత్తో చరిచి వినండి. గలగల వినిపిస్తే పిడి వదులైనట్టు, ఆ రోజుకు సెలవు.

ఆ గచ్చు దెబ్బకు మొన వంకరపోయింది. అంతకు ముందే ఇంకో నిర్వాకం ఉంది. చాప గుచ్చడానికి స్టాండుకు ఇనుప కడ్డీ బిగించాను. ఒక దెబ్బ కిందికి పోయి కడ్డీకి తగిలి, అంచున బియ్యపుగింజంత ముక్క లేచిపోయింది. కడ్డీ కాదు, కర్ర మేకు పెట్టాలి. రెండూ బాగుచేయమని ఒక సానపట్టే ఆయనకు ఇస్తే, గ్రైండర్ మీద నీళ్లు లేకుండా అదిమి, అంచు నీలం తిరిగేదాకా కాల్చి ఇచ్చాడు. ఆ జానెడు మేర ఇప్పుడు పదును నిలవదు. ఇకపై నేనే సానరాయి మీద, నీళ్లు చల్లుకుంటూ, రెండు గంటలు.

చట్టం మాట. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల లెక్కలో ఉన్నాయి. ఇంటి పనికీ పొలం పనికీ చేసినవి వేరు. నేను కొనేముందే మా స్టేషన్‌కు వెళ్లి అడిగాను, లాయరుకూ చూపించాను. మీరూ అడగండి. పదును కత్తి మా మేడ దాటదు. ఫెడర్ సాముకు వెళ్లేటప్పుడు కూడా జిప్పున్న సంచిలోనే, రోడ్డు మీద సోకులు లేవు.

బంధువులకు ఇంకో బాధ. మన కర్రసాము ఉండగా దొరల కత్తి ఎందుకని. నిజానికి ఆ దొరల బ్లేడులు దక్కన్‌కు ఎప్పుడో వచ్చాయి. వాటికి మన పిడి బిగించిన కత్తిని ఫిరంగి అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట వింటే మనకు తోపే గుర్తొస్తుంది. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవాళ్లు. కత్తి ఎప్పుడూ ఒక ఊరిది కాదని చెప్తా. మామయ్య వినడు, అది వేరే విషయం.

ఇక ఖర్చు సంగతి: ఫెడర్ 14,500, పదునుది 11,000, నేను కొన్న రోజుల ధర. మాస్కు మామూలు ఫెన్సింగ్‌ది, తల వెనకకు విడిగా ప్యాడు కుట్టించాను. గ్లౌజుల దగ్గర పిసినారితనం చేసి క్రికెట్ బ్యాటింగ్ గ్లౌజులతో సరిపెట్టుకున్నా. నాలుగో ఆదివారం తోటి అన్న దెబ్బ చూపుడువేలి మీద పడింది, గోరు నల్లబడి ఊడింది. ఈ విద్యకని చేసిన బరువు గ్లౌజులు కత్తి అంత ధర పలుకుతాయి, అయినా ముందు కొనాల్సింది అవే. గ్లౌజులు, ఫెడర్, మాస్కు, మెడ కాపు: ముందు ఇవి. రెండేళ్లు గడిచాక కూడా కోరిక తీరకపోతే అప్పుడు పదును కత్తి. ఫెడర్‌కు నేను పదికి తొమ్మిది ఇస్తా. పదునుదానికి, నా పొరపాట్లు దాని మీద వేయకుండా చూస్తే, ఆరు. వచ్చినప్పుడే పిడి కాస్త వదులుగా ఉంది, రెండు ఫోన్లు చేసినా అమ్మినవాళ్లు పలకలేదు.

బోదెలను తిట్టాను గానీ మానలేదు. ఏడాదికోసారి వినాయక నిమజ్జనం అయ్యాక మా గల్లీ మండపం చెట్లు నాకే వస్తాయి. "నిమజ్జనమైనంక ఏమన్న చేసుకో, అంతకు ముందు ముట్టకు" అని అమ్మ షరతు. ఈసారి కమిటీ పిల్లలు ముందే ఫోన్ చేశారు: "అన్నా, నాలుగు బోదెలు పక్కకు పెట్టినం, ఎప్పుడు కొడ్తవ్? మేం చూడనీకి వస్తం." వద్దన్నాను. గొళ్లెం రూలు వాళ్లకూ వర్తిస్తుంది. పక్కింటి మేడ మీంచి చూసుకోమన్నా.