టి.నగర్‌లో పిల్లల ఫిజియోథెరపీ: మా కుటుంబ అనుభవం

ఆటో బోల్తా పడిన ప్రమాదంలో మా అబ్బాయికి మోచేతి పైన, పాపకు తొడ దగ్గర ఎముకలు విరిగాయి. కట్లు విప్పిన తరువాత ఇద్దరినీ చెన్నై టి.నగర్‌లోని ఒక పిల్లల ఫిజియోథెరపీ కేంద్రంలో చేర్పించాము. బిగుసుకుపోయిన మోచేతిని బలవంతంగా లాగినా, నూనె రాసి గట్టిగా మర్దన చేసినా కండరంలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉందని అక్కడి థెరపిస్టు మా అత్తగారికి ఎంతో ఓపికగా, అదీ తెలుగులో, వివరించి ఎముకలకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు ఆలోచనను మాన్పించారు. గిన్నెలోని బొరుగులను ఒక్కొక్కటిగా తీసి నోట్లో వేసుకోవడమే మా వాడి మొదటి వ్యాయామం. ఆట అనుకుంటూనే చేయి వంచడం నేర్చుకున్నాడు.

చికిత్స ముగియగానే వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆలయానికి వెళ్లి శ్రీవారికి దణ్ణం పెట్టుకోవడం మాకు అలవాటైంది. మా నమ్మకాన్ని ఆ థెరపిస్టు ఏనాడూ తేలిక చేయలేదు. తలనీలాల మొక్కు సంగతి చెప్పినప్పుడు, పాపను అలిపిరి మెట్లు మాత్రం ఇప్పుడే ఎక్కించవద్దని, బస్సులో వెళ్లినా స్వామి కాదనడని నవ్వుతూ అన్నారు. పిల్లలు కోలుకున్నందుకు స్వామికి ఎంత రుణపడ్డామో ఆమెకూ అంతే రుణపడ్డాము.

కేంద్రం మొదటి అంతస్తులో ఉన్నా లిఫ్టు లేకపోవడం మాత్రం క్షమించరాని లోపం. సాయంత్రం రద్దీ ఎక్కువ కనుక ఉదయం సమయాన్ని అడిగి తీసుకోవడం మంచిది.