లాస్ట్ పిగ్: నాలుగేళ్లయినా ఫోన్‌లోంచి తీసేయబుద్ధి కాని గేమ్

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉంది. మధ్యాహ్నం బేరం ఉండదు, ఆ టైమ్‌లో నాలుగేళ్లుగా నేను ఆడుతున్నది ఇదే. బొమ్మల్లేవు, సౌండ్ లేదు, ఉన్నవన్నీ అక్షరాలే. ఫ్రీ.

2007లో ఇంటరాక్టివ్ ఫిక్షన్ కాంపిటీషన్‌లో ఫస్ట్ వచ్చిన టెక్స్ట్ అడ్వెంచర్ ఇది. ఆ పోటీలో జడ్జీలు ఒక్కో గేమ్‌ను రెండు గంటలకు మించకుండా ఆడి మార్కులు వేయాలి, అందుకే గేములు చిన్నవిగా ఉంటాయి. గ్రంక్ అనే ఓర్క్ (కథల్లో వచ్చే ఒక రాక్షస జాతి వాడు) పనిచేసే చోట పంది తప్పించుకుంటుంది, దాన్ని వెతుక్కుంటూ చీకట్లో పోయి భూమి కిందికి పడిపోతాడు, చేతిలో కాగడా ఆరిపోతుంది. ఇక పందిని పట్టాలి, బయటపడాలి. మొత్తం ఏడు పాయింట్లు.

ఏం చేయాలో మనమే ఇంగ్లీషులో టైప్ చేయాలి, ‘టేక్ టార్చ్’ లాగా రెండు మాటలు చాలు. నాది తెలుగు మీడియం, ఇలాంటివే వేరే గేములు పేరాలు పేరాలు చదవలేక వదిలేశాను. ఇక్కడ కథ చెప్పేది గ్రంకే, వాడికి వచ్చిందే ముక్కలు ముక్కల ఇంగ్లీషు, అందుకే హాయిగా అర్థమైపోతుంది.

కాగడా మళ్లీ వెలిగించడం దగ్గర వారం ఇరుక్కున్నా. జిరాక్స్ తీస్తున్నా అదే ఆలోచన. ఎలాగో చెప్పను గానీ, దానికి కావాల్సింది అంతకుముందే నా కళ్ల ముందుకొచ్చింది, నేనే ఎక్స్ (ఎగ్జామిన్, అంటే పరిశీలించు) కొట్టి ఆ వస్తువును సరిగ్గా చూడలేదు. మోసం చేసే పజిల్ ఒక్కటీ కనపడలేదు నాకు.

ఎండాకాలం సెలవుల్లో అక్క కూతురు షాపుకొస్తే ఫోన్ చేతికిచ్చా. “మామా, వీడికి ఇంగ్లీషు రాదా?” అంది ముందు. తర్వాత గ్రంక్‌ను ప్యాంటు విప్పమని కొట్టింది. విప్పేశాడు! పడీపడీ నవ్వింది. మనకు తోచే పిచ్చి పనులన్నీ ముందే ఊహించి ఎంత ఓపిగ్గా జవాబులు రాసి పెట్టారో, నాకు ఈ గేమ్ మీద ప్రేమంతా అక్కడే. భూమి కింద ఉండే నోమ్‌ను (కథల్లో వచ్చే మరుగుజ్జు) కూడా పంది గురించి, వాళ్ల గురించి, వీళ్ల గురించి అడుగుతూ పోండి, పజిల్స్ మీదే పరిగెత్తితే ఆ మాటలన్నీ పోతాయి.

ఇబ్బందులున్నాయి. ఫోన్ కీబోర్డు మనం కొట్టిన మాటను తనే మార్చేస్తుంది, ఆటోకరెక్ట్ ఆపేసుకోండి. బ్రౌజర్‌లో సేవ్ చేయకుండా మూసి రెండుసార్లు మొదటికొచ్చాను.

నిన్న ఆ పిల్ల ఫోన్ చేసింది. “మామా, పట్టుకున్న పందిని మళ్లీ వదిలేస్తే ఏమంటాడో చూశావా?” అని. చూడలేదు. ఈ రాత్రి షట్టర్ దించాక చూస్తా.