ఒత్తైన రింగుల జుట్టుకి ఏది మేలు: రీబాండింగా, స్మూతెనింగా, కెరాటినా, అసలేమీ చేయించకపోవడమా?

పెళ్ళిళ్ళ సీజన్‌కి నెల ముందు, కాలేజీలు తెరిచే ముందు రింగుల జుట్టున్న అమ్మాయిలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మలూ అడుగుతారు. రీబాండింగ్ అంటే మందు పెట్టి రింగులని పూర్తిగా సాపు చేయడమని, స్మూతెనింగ్ అంటే వాటిని వదులు చేయడమని, కెరాటిన్ అంటే కొన్ని నెలలపాటు బిరుసు తగ్గించేదని అడిగేవాళ్ళకి తెలుసు. పార్లర్‌లో ముందు, తర్వాత ఫొటోలు చూసే ఉంటారు. ఆ 'తర్వాత' ఫొటోలన్నీ చేయించిన రోజు తీసినవే. ఆ రోజు అందరికీ బాగానే ఉంటుంది. చూడాల్సింది ఆరో నెల.

తల వెంట్రుక నెలకి సెంటీమీటరు పైచిలుకు, ఏడాదికి సుమారు 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. మందు పనిచేసేది మాడు బయటికి వచ్చిన వెంట్రుక మీదే. రింగు తిరగాలా వద్దా అన్నది మాడు లోపల కుదురు ఆకారాన్ని బట్టి ఉంటుంది, దాన్ని ఏ క్రీమూ మార్చదు. గుండు చేయిస్తే సాపుగా వస్తుందన్న మాట కూడా ఇందుకే నిజం కాదు. కాబట్టి రీబాండింగ్ చేయించిన ఆరో నెలకి మాడు దగ్గర ఆరేడు సెంటీమీటర్ల మేర ఉబ్బుగా రింగులు, అక్కణ్ణుంచి కిందికి అతుక్కుపోయినట్టు సాపు. పాపిట తీసినా, జడ వేసినా, పైకెత్తి క్లిప్ పెట్టినా ఆ రెండూ కలవవు.

చూపుకి బాగోకపోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. కానీ ఆ రెండూ కలిసే గీత దగ్గరే వెంట్రుక బలహీనంగా ఉంటుంది. పైన రింగుల్లో దువ్వెన ఆగుతుంది, కింద మందు తిన్న జుట్టు ఆ లాగుడుకి ఓర్చుకోలేదు, సరిగ్గా గీత దగ్గర పుటుక్కున తెగుతుంది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకని వెలుతురులో చూడండి. ఒక చివర చిన్న తెల్లటి ఉండ ఉంటే అది మామూలుగా రాలింది. ఉండ లేకపోతే తెగింది. రింగులు ఎంత చిన్నవైతే ఈ బాధ అంత ఎక్కువ. అలలు అలలుగా ఉండే జుట్టుకి గీత అంతగా తేలదు, వేలికి చుట్టుకునేంత చిన్న రింగులకి దాచినా దాగదు. నా దృష్టిలో నిర్ణయం తేలాల్సింది ఈ ఒక్క విషయం మీదే. ఖర్చు, మెరుపు, ఎన్ని గంటలు కూర్చోవాలి అన్నవన్నీ దీని తర్వాతే.

చేయించుకునే ముందు ఒక లెక్క వేసుకోండి. జుట్టు పొడవుని సెంటీమీటర్లలో కొలిచి 15తో భాగించండి. నడుం దాకా 75 సెంటీమీటర్లు ఉంటే ఐదేళ్ళు. నచ్చక మళ్ళీ పాత జుట్టు అదే పొడవులో కావాలంటే పట్టే కాలం అది. మధ్యలో పొట్టిగా కత్తిరించుకుంటే త్వరగా బయటపడతారు, కానీ పొడుగు జడ కావాలనుకునేవాళ్ళకి అది దారి కాదు.

రీబాండింగ్, స్మూతెనింగ్

పేర్లు వేరైనా చాలావరకు మందు ఒకటే: అమోనియం థయోగ్లైకొలేట్, పీహెచ్ 9 నుంచి 9.5 మధ్య, అంటే క్షారగుణం ఉన్నది. వెంట్రుకకి ఆకారాన్ని పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాలని ఇది తెంపుతుంది. మెత్తబడ్డ వెంట్రుకని ఐరన్‌తో సాపు చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో బంధాలని కొత్త ఆకారంలో బిగిస్తారు. స్మూతెనింగ్‌లో క్రీమ్ పలచన, ఉంచే సమయం తక్కువ, ఐరన్ లాగేది తక్కువ సార్లు. రింగులు పూర్తిగా పోకుండా వదులై అలలుగా మిగులుతాయి. రెండూ శాశ్వతమే. స్మూతెనింగ్ కడిగేకొద్దీ పోతుందనుకుని చేయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది పోదు, పైనుంచి కొత్త జుట్టు వస్తుందంతే.

ఇక్కడ పార్లర్లు తరచుగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ఒత్తు వేరు, మందం వేరు. ఒత్తు అంటే తలలో వెంట్రుకలు ఎక్కువ ఉండడం. మందం అంటే ఒక్కో వెంట్రుక లావు. రింగుల జుట్టు చూడగానే ఒత్తుగా ఉబ్బుగా కనిపిస్తుంది కాబట్టి మొండి జుట్టు అనుకుని, ఉన్నవాటిలో గాఢమైన క్రీమ్ తీస్తారు. నిజానికి ఒత్తు జుట్టున్న చాలామందికి ఒక్కో వెంట్రుకా సన్నం. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఒకే ఒక్క వెంట్రుక పెట్టి రుద్దండి. గరుగ్గా స్పష్టంగా తగిలితే మందం, వేళ్ళ మధ్య ఏమీ లేనట్టుంటే సన్నం. సన్నటి వెంట్రుకకి మామూలు క్రీమే ఎక్కువ, గాఢమైనది పడితే కాలిపోతుంది. క్రీమ్ పెట్టె మీద మామూలు జుట్టుకా, మొండి జుట్టుకా, రంగు వేసిన జుట్టుకా అని రాసి ఉంటుంది. అది మీ కళ్ళతో చూడండి.

సరిగ్గా జరిగితే పని ఇలా నడుస్తుంది. కండిషనర్ లేకుండా షాంపూ ఒక్కటే పెట్టి కడిగి, జుట్టు ఇంకా కాస్త చెమ్మగా ఉండగా నాలుగు భాగాలు చేసి, మాడుకి సెంటీమీటరు వదిలి సన్నటి పాయలుగా క్రీమ్ రాస్తారు. ఐదు పది నిమిషాలకోసారి ఒక పాయ తీసి, క్రీమ్ తుడిచి, రెండు మూడు వెంట్రుకలని మెల్లగా లాగి చూడాలి. సాగి అలాగే ఉండిపోతే క్రీమ్ కడగాల్సిన వేళైనట్టు. సాగుతూ సాగుతూ తెగిపోతే అప్పటికే ఆలస్యమైనట్టు. గడియారం చూసి అందరికీ అరగంట ఉంచే చోటికి వెళ్ళకండి. తర్వాత కనీసం ఐదు నిమిషాలు నీళ్ళ ధార కింద కడగాలి, ఒత్తు జుట్టుకైతే పది. లోపలి పాయల్లో మిగిలిన క్రీమ్ తన పని తాను చేసుకుంటూనే పోతుంది. ఐరన్ పెట్టేలోపు పూర్తిగా ఆరాలి. తడి ఉన్న వెంట్రుక మీద వేడి పడితే లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, నెల తిరక్కుండా అక్కడ విరుగుతుంది. పాయ వేలెడు మందం తీసుకుంటే పైపొర సాపై లోపలిది అలాగే ఉంటుంది, అందుకే ఒత్తు జుట్టుకి మధ్యాహ్నమంతా పడుతుంది. గంటన్నరలో అయిపోయిందంటే ఏదో వదిలేసినట్టే. ఆ పైన మూడు రోజులు తల తడపకూడదు, రబ్బరు బ్యాండు పెట్టకూడదు, చెవి వెనక్కి దోపుకోకూడదు.

అసలు చిక్కు టచప్‌తో. ఆరేడు నెలలకోసారి కొత్తగా వచ్చిన రింగులకి మాత్రమే క్రీమ్ తగలాలి, పాత సాపు జుట్టు మీద పడకూడదు. ఒత్తు తలలో వేల వెంట్రుకలని ఆ గీత దగ్గర విడదీసి రాయడం ఎంతో ఓపిక కావాల్సిన పని. క్రీమ్ ఒక అంగుళం కిందికి జారిందంటే అదే వెంట్రుకకి రెండోసారి బంధాలు తెగుతాయి. మొదటిసారి బాగా వచ్చి రెండోసారి ఊడిపోయిందనేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే.

గోరింటాకు అలవాటున్నవాళ్ళు తప్పకుండా ముందే చెప్పాలి. ఉత్త గోరింటాకు వెంట్రుకని పొరలా పట్టుకుని క్రీమ్ సమంగా దిగనివ్వదు. నల్లగా చేసే పొడుల్లో లోహ లవణాలు ఉంటే ఇంకా ప్రమాదం, పెరాక్సైడ్ తగలగానే వేడి పుట్టి వెంట్రుక కరిగినంత పని అవుతుంది.

జడ గురించి కూడా ఆలోచించండి. రింగుల జుట్టుకి ఉన్న ఉబ్బే జడని లావుగా చూపిస్తుంది. రీబాండింగ్ అయ్యాక అదే జుట్టు సన్నటి జడ అవుతుంది, పిన్నులు జారతాయి, పూలజడ నిలవదు. పెళ్ళికని చేయించుకుని, పెళ్ళిరోజు సవరం బిగించలేక అవస్థ పడేవాళ్ళు ఉన్నారు.

కెరాటిన్

దీని మంచి ఒకటే, కానీ పెద్దది: గీత ఉండదు. మూడు నుంచి ఐదు నెలల్లో కడిగేకొద్దీ మెల్లగా వదులుతుంది, మీ రింగులు మీకు తిరిగొస్తాయి. సాపు అవుతుందని ఆశించకండి. చిన్న రింగులు పెద్దవవుతాయి, బిరుసు తగ్గుతుంది, చిక్కు తీయడం తేలికవుతుంది. చాలామందికి నిజంగా కావాల్సింది కూడా అంతే.

చెడ్డ సంగతి పొగ. పేరులో కెరాటిన్ (వెంట్రుకలో ఉండే ప్రొటీన్) ఉన్నా, వెంట్రుకని కొత్త ఆకారంలో పట్టి ఉంచేది చాలా మందుల్లో ఫార్మాల్డిహైడ్, లేదా వేడి తగిలితే దాన్ని విడిచే మిథిలీన్ గ్లైకాల్. 200 డిగ్రీలు దాటిన ఐరన్ పెట్టినప్పుడు కళ్ళు మండి, గొంతు పట్టేది దానివల్లే. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. మీకు ఏడాదికి రెండుసార్లు, చేసే అమ్మాయికి రోజూ. ఏసీ వేసి తలుపులు మూసిన చిన్న గదిలో ఇది చేయడం ఇద్దరికీ అన్యాయం.

ఫార్మాల్డిహైడ్ లేదని రాసినవాటిలో ఎక్కువగా గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. ట్యునీషియాలో ఒక యువతికి 2020, 2021, 2022లో మూడుసార్లు, ప్రతిసారీ జుట్టు సాపు చేయించుకున్న వెంటనే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీమ్‌లో ఈ ఆమ్లం 10 శాతం ఉందని, మాడు గుండా ఒంట్లోకి వెళ్ళి ఆక్సలేట్ స్ఫటికాలుగా కిడ్నీలో చేరుతుందని ఎలుకల మీద చేసిన పరీక్షల ఆధారంగా 2024లో డాక్టర్లు రాశారు. అందరికీ అలా అవుతుందని కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోకూడదు. ఎవరికైనా సరే క్రీమ్ మాడుకి తగలనివ్వకూడదు, మంట పుడితే వెంటనే కడిగించుకోవాలి.

అమెరికాలో మహిళల ఆరోగ్యం మీద జరిగిన సిస్టర్ స్టడీ అనే పరిశోధన నుంచి 2022లో వచ్చిన ఫలితాలు కూడా తెలిసి ఉండాలి. జుట్టు సాపు చేసే మందులు ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో 70 ఏళ్ళు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ అంచనా 4.05 శాతం, అసలు వాడనివాళ్ళలో 1.64 శాతం. ఏ మందు అన్నది అందులో విడదీయలేదు, అక్కడ వాడే రిలాక్సర్లు (రింగులని సాపు చేసే ఘాటైన క్రీములు) కూడా లెక్కలో ఉన్నాయి. కానీ తరచుగా వాడడం మంచిది కాదనడానికి ఇది చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏదీ చేయించుకోవద్దు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకి చేయించడం నాకు అసలు నచ్చని పని. ఆ వయసులో రింగులు ఇంకా మారుతూ ఉంటాయి, పిల్లకి తన జుట్టు ఏమిటో తెలిసే అవకాశమే ఉండదు.

నానోప్లాస్టియా, హెయిర్ బొటాక్స్ అని పిలిచేవి ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. పేరు వదిలేసి సీసా మీద పదార్థాలు చదవండి. ఇంట్లో ఐరన్ అయితే పూర్తిగా ఆరిన జుట్టు మీద, 180 డిగ్రీలు దాటకుండా, వారానికి ఒకసారికి మించకుండా. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో సాయంత్రానికి మళ్ళీ రింగులే.

ఏమీ చేయించకపోవడం

చిన్న రింగులున్న ఒత్తు జుట్టుకి నేను చెప్పేది ఇదే. ముందు మూడు నెలలు సరిగ్గా చూసుకోండి. సాపు జుట్టుకి చేసే పద్ధతులే రింగులకి చేస్తూ, బిరుసంతా పుట్టుకతో వచ్చిందనుకునేవాళ్ళే ఎక్కువ. ఆరిన జుట్టుని దువ్వడం మానేస్తేనే సగం ఉబ్బు తగ్గుతుంది. షాంపూ మాడుకే. కండిషనర్ ధారాళంగా, చెవుల కింది నుంచి కొసల దాకా. అది జుట్టు మీద ఉండగానే పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. కడిగాక నీళ్ళు కారుతుండగానే జెల్ రాసి, కొసలని గుప్పిట్లో పట్టి పైకి నొక్కాలి. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు.

జెల్ కొననక్కర్లేదు. పావు కప్పు అవిసె గింజలని రెండు కప్పుల నీళ్ళలో మరిగించి, గరిటె నుంచి కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దింపి, వేడి మీదే పలచటి గుడ్డలో వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది.

బోరు నీళ్ళయితే ఇవన్నీ చేసినా ఫలితం సగమే. బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందంటే మీ జుట్టు మీదా అదే కడుతోంది. ఆఖరి చెంబు మాత్రం లీటరు ఫిల్టర్ నీళ్ళలో రెండు చెంచాల వెనిగర్ కలిపి పోసుకోండి. తలంటుకి ముందు కొబ్బరి నూనె మంచిదే, వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని అది తగ్గిస్తుంది. ఇంకొక్కటి: రింగులు తెలిసినవాళ్ళ చేత లేయర్లుగా కత్తిరింపు. ఒకే పొడవున వదిలేస్తే పైన అతుక్కుని కింద గంపలా విచ్చుకునేది బరువంతా కిందనే ఉండడం వల్ల.

మూడు నెలల తర్వాత కూడా రోజూ పొద్దున్న అరగంట చిక్కులతోనే పోతోందంటే, అలల జుట్టువాళ్ళు స్మూతెనింగ్‌కి వెళ్ళొచ్చు, రింగులు పూర్తిగా పోనివ్వకుండా వదులు చేయమని గట్టిగా చెప్పి. గీత మెత్తబడేది అలా చేస్తేనే. చిన్న రింగులవాళ్ళు గాలి ఆడే చోట, ఏడాదికి ఒకసారి కెరాటిన్‌తో ఆగడం మేలు. ఏడాదిలోపు తిరుమలలో తలనీలాల మొక్కు ఉంటే ఏదీ వద్దు, డబ్బు దండగ. పూర్తి రీబాండింగ్ మాత్రం చిన్న రింగుల ఒత్తు జుట్టుకి నేను ఎవరికీ చెప్పను.

ఏది చేయించినా వారం ముందు చెవి వెనక నుంచి ఒక సన్నటి పాయకి మాత్రమే మందు పెట్టించి చూడండి. మర్నాడు తడిపి లాగండి. జిగురుగా సాగినా, తెగినా మీ జుట్టుకి ఆ మందు పడదు. పార్లర్ వాళ్ళు తలంతా చేస్తే బాగానే వస్తుందని ఎంత నచ్చజెప్పినా వినకండి, కట్టిన అడ్వాన్సు వదులుకునైనా రద్దు చేసుకోండి.