ఆరేదాకా ఆగిన మేస్త్రి, మా జిప్సమ్ గోడ: నాలుగేళ్ళ తరువాత

మా మేడ మీది పెద్ద గదిని రెండుగా చేసిన జిప్సమ్ బోర్డు గోడకు నాలుగేళ్ళు నిండాయి. జిప్సమ్ బోర్డు అంటే రెండు మందపాటి కాగితాల మధ్య జిప్సమ్ పిండిని గట్టిపరిచిన పలక. పొద్దున తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా ఆ గోడ మీద పడుతుంది. గోడలో ఏ లోపం ఉన్నా ఆ వేళ దాచినా దాగదు. రోజూ కాఫీ తాగుతూ చూస్తూనే ఉన్నాను. 14 అడుగుల పొడవున్న ఆ గోడలో ఒక బోర్డు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ కనిపించలేదు. ఆ అతుకులు వేసిన మేస్త్రి గురించే ఇదంతా.

అతుకుల మీద నాకింత పట్టింపు కింద హాల్లో పడిన బాధ వల్ల వచ్చింది. 2018లో వేరేవాళ్ళ చేత అక్కడ ఫాల్స్ సీలింగ్ వేయించాం. బోర్డు మంచిదే, దాన్ని బిగించే ఇనుప పట్టీలు, అంటే చానళ్ళు, అవీ మంచివే. బోర్డుల మధ్య సందుల మీద జాలీ టేపు అంటించి, మామూలు గోడలకు పూసే పుట్టీనే దాని మీద లాగేసి, మూడో రోజుకల్లా రంగు కూడా వేసి వెళ్ళిపోయారు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే. పగలంతా వేడి, రాత్రి ఏసీ చల్లదనం, తెల్లవారితే మళ్ళీ వేడి. మరుసటి రోహిణి కార్తె దాటేసరికి సీలింగ్ మీద గీతలు తేలాయి. వెంట్రుకవాసి గీతలే, కానీ పడుకుని పైకి చూస్తే ఎన్ని బోర్డులు వేశారో లెక్క చెప్పేయవచ్చు. ఫోను చేస్తే, "బోర్డు అంటే అంతేనమ్మా, ఏడాదికొకసారి పుట్టీ పెట్టించుకోవాలి" అన్నారు. ఆ మాట నమ్మి రెండుసార్లు పెట్టించాను. రెండుసార్లూ అదే చోట విచ్చింది.

అందుకే 2021లో అత్తయ్యకు మేడ మీద విడిగా గది కావలసి వచ్చినప్పుడు, బోర్డు మాట ఎత్తగానే నేను వద్దన్నాను. ఇటుక గోడకు ఇంజనీరు ఒప్పుకోలేదు. ఆ చోట కింద దూలం లేదు, ఉత్త స్లాబు మీద అంత బరువు పెట్టకూడదన్నారు. ఇనుప చానళ్ళకు రెండు వైపులా బోర్డు బిగించిన గోడ, సిమెంటు పూసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ బరువులో దాదాపు పదో వంతే తూగుతుంది. వేరే దారి లేక తలూపాను. వేదాయపాళెంలో మా బంధువుల ఇంట్లో పని చేసిన మేస్త్రిని పిలిపించాం. చదరపు అడుగుకు మిగతావాళ్ళ కంటే 20 రూపాయలు ఎక్కువ అడిగారు. నాలుగు రోజుల పని అన్నారు.

పదకొండు రోజులు పట్టింది.

మొదటి రోజే ఒక సంగతి చూశాను. బోర్డు బిగిస్తుండగా ఒక స్క్రూ కాస్త ఎక్కువ లోపలికి దిగి, తల చుట్టూ కాగితం చిరిగింది. ఎటూ పైన పూత వస్తుంది కదా అని నేననుకున్నాను. ఆయన దాన్ని ఊడదీసి, రెండు అంగుళాల అవతల కొత్తది బిగించారు. ఎందుకని అడిగితే, "బలం లోపలి పిండిలో లేదమ్మా, పైన కాగితంలో ఉంది. అది తెగితే ఆ స్క్రూ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నారు. సాయంత్రం వెళ్ళే ముందు ఆ రోజు బిగించిన స్క్రూలన్నిటి మీదా బొటనవేలు ఆనించి తడుముకుంటూ గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచారు.

అతుకులకు జాలీ టేపు కాకుండా కాగితం టేపు వాడారు. సందులో అతుకుల కోసమే చేసే ముద్ద, జాయింటు కాంపౌండు నింపి, అది పచ్చిగా ఉండగానే టేపు పరిచి, లోపల గాలి మిగలకుండా బ్లేడుతో ఒత్తారు. ఆ రోజుకు అంతే. మరునాడు రెండో పూత, మొదటిదాని కంటే వెడల్పుగా. ఆ తరువాత మూడోది, ఒక అడుగు వెడల్పు దాకా పలచగా లాగి, అంచు ఎక్కడ ఆగిందో చేతికి తెలియకుండా. పూతకూ పూతకూ మధ్య ఆరనిచ్చేవారు. ఆరిందో లేదో చూడటానికి చేతి వెనుక వైపు గోడకు ఆనించేవారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

అది శ్రావణ మాసం. సాయంత్రాలు జల్లులు పడుతున్నాయి. వరలక్ష్మీ వ్రతం నాటికి గది సిద్ధమవుతుందని అత్తయ్యకు మాట ఇచ్చి ఉన్నాను. వ్రతానికి రెండు రోజుల ముందు ఆయన వచ్చి, గోడకు చెయ్యి ఆనించి, సంచిలోంచి సామాను తీయకుండానే తిరిగి వెళ్ళబోయారు. నాకు చాలా కోపం వచ్చింది. పైకే అన్నాను. "రేపు రంగు వేసేస్తే మీకు పండుగ దాకా బాగుంటుందమ్మా, నాకు మాత్రం ఏడాది పొడుగునా మాట వస్తుంది" అని మెట్లు దిగిపోయారు. వ్రతం కింద హాల్లోనే చేసుకున్నాం, ఆ గీతల సీలింగ్ కింద.

చివర్లో ఒక రాత్రి చీకటి పడ్డాక వచ్చారు. లైట్లన్నీ ఆర్పించి, టార్చిని దాదాపు గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు వేశారు. పగలు అద్దంలా కనిపించిన గోడ మీద మిట్టలూ పల్లాలూ నీడలై లేచాయి. ఒక్కొక్కదాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. ముప్పై దాకా ఉంటాయి. మరునాడు వాటన్నిటినీ సరిచేసి, ఎమరీ కాగితంతో రుద్ది, అప్పుడు ప్రైమరు వేశారు. డబ్బులు తీసుకుని వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం కాగితం ఒకటి చేతిలో పెట్టారు. లోపల నిలువు చానళ్ళు తలుపు నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో, రంగు నంబరు ఎంతో రాసి ఉంది. మామయ్య ఫోటో తగిలించడానికి ఆ కాగితం చూసే మేకు చోటు ఎంచుకున్నాం. ఆ నవంబరులో పెన్న పొంగి నెల్లూరు అల్లాడిన వానల్లో కూడా గోడకు ఏమీ కాలేదు.

అయింది 2023 డిసెంబరులో. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దానికి ముందు మన తీరం వెంబడే నడిచి నెల్లూరును ముంచెత్తింది. మా డాబా మీద నీళ్ళు పోయే గొట్టానికి ఆకులు అడ్డుపడి, నీళ్ళు నిలిచి, బయటి గోడ మూలలోంచి లోపలికి దిగాయి. సరిగ్గా బోర్డు గోడ వచ్చి కలిసే మూల అది. వాన వెలిశాక చూస్తే, నేల నుంచి జానెడు ఎత్తు దాకా గోడ రంగు మారి ఉబ్బింది. వేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి పోయింది.

మేస్త్రి వెంటనే రాలేదు. తుపాను తరువాత అందరి ఇళ్ళలోనూ పనే. పన్నెండో రోజు వచ్చారు. వచ్చినవారు గోడ వైపు కాదు, తిన్నగా డాబా మీదికి వెళ్ళారు. గొట్టం శుభ్రం చేయించారు, మూలలో పగులు చూపించి దాన్ని వేరే మనిషి చేత పూడ్పించమన్నారు. అది అయ్యేదాకా బోర్డు ముట్టుకోనన్నారు. పూడ్చాక బకెట్లతో నీళ్ళు పోయించి ఒక పూట చూశారు. ఆ తరువాతే కింది భాగాన్ని అడుగున్నర ఎత్తున, నాలుగు అడుగుల పొడవున తిన్నగా గీత గీసి కోసి తీశారు. లోపల బూజు వాసన గుప్పుమంది. చానళ్ళు తుప్పు పట్టలేదు. పక్కన ఆనుకున్న బయటి ఇటుక గోడ మాత్రం తడిగా ఉంది.

సంక్రాంతికి అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. మూసేయమని బతిమాలాను. ఆయన చేతి వెనుక వైపు ఆ ఇటుకలకు ఆనించి తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు మూస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టేనమ్మా. ఉగాదికి ఇంత బూజై బయటికి వస్తుంది" అన్నారు. ఈసారి నేను ఎదురు చెప్పలేదు. మూడున్నర వారాలు గోడ అలాగే తెరిచి ఉంది. ఫ్యాను పెట్టి ఉంచాం. భోగి నాడు అమ్మాయి దాని ముందు పాత పట్టుచీర ఒకటి వేలాడదీసింది.

కనుమ వెళ్ళిన వారానికి వచ్చారు. కోసిన అంచుల వెనుక చానల్ ముక్కలు అడ్డంగా బిగించి, కొత్త ముక్క పట్టుకోవడానికి ఆధారం ఏర్పరిచారు. ఈసారి తడికి తట్టుకునే ఆకుపచ్చ బోర్డు తెచ్చారు. నేలకు ఆనించకుండా అర అంగుళం ఎత్తి బిగించారు. మళ్ళీ కాగితం టేపు, మళ్ళీ మూడు పూతలు, మళ్ళీ ఆరబెట్టడం. రంగు దగ్గర నేను తడబడ్డాను, మా దగ్గరున్న పాత డబ్బా ఎండిపోయింది. నోటుపుస్తకం కాగితం బీరువాలోంచి తీసి నంబరు చూపిస్తే కొట్టులో అదే రంగు కలిపి ఇచ్చారు. ముక్క వరకే పూస్తే పాత రంగుకూ కొత్త రంగుకూ తేడా పట్టిస్తుందని, మూల నుంచి మూల దాకా గోడంతా ఒక చెయ్యి వేశారు. ఇప్పుడు ఎండ పడ్డప్పుడు ఎంత వెతికినా ఆ ముక్క నాకు దొరకదు. ఎక్కడ కోశారో కళ్ళారా చూసినదాన్ని, నాకే దొరకదు.

ఇంత చెప్పాక చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. ఆ ఆకుపచ్చ బోర్డు, ఆ అర అంగుళం సందు మొదటిసారే ఉండి ఉంటే గోడ అంత నీరు పీల్చేది కాదు. 2021లో బోర్డును నేలకు ఆనించే పెట్టారు. అడిగితే దాచలేదు, "అప్పుడే ఎత్తి పెట్టవలసింది, మేడ మీద కదా అనుకున్నాను" అన్నారు. ఆ ఒప్పుకోలు నాకు నచ్చింది, బాగుకు అయిన ఖర్చు మాత్రం మాదే. ఆయన చెప్పే రోజుల లెక్కను రెండున్నరతో హెచ్చించుకోవాలి. పని జరిగినన్ని రోజులూ ఆ తెల్లటి పొడి ఇల్లంతా పేరుకుంటుంది. పప్పు డబ్బాల మూతల కింద కూడా కనిపించింది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పది రోజులూ వేరే చోట ఉండటమే మంచిది. అవతలి గదిలో టీవీ శబ్దం అత్తయ్యకు బాగానే వినిపిస్తుంది. రెండు బోర్డుల మధ్యలో శబ్దం తగ్గించే ఊలు పెట్టిద్దామని మేస్త్రి చెప్పారు, ఖర్చని నేనే వద్దన్నాను. ఇప్పుడైతే వద్దనను.

మాది మేడ మీది గది, ఆ గోడలో నీళ్ళ గొట్టం లేదు, బంతులతో ఆడే పిల్లలు లేరు. మాకు తొందర కూడా లేదు, కింద ఉండటానికి చోటుంది. పెన్న నీళ్ళు వచ్చే వైపు నేల మీది ఇల్లు అయితే నేను ఈ గోడ పెట్టించను, ఈ మేస్త్రి చేత అయినా సరే. అద్దెకు ఇచ్చే గదికి ఇంత ఖర్చు పెట్టాలా అంటే అది ఇంటివాళ్ళు లెక్క వేసుకోవలసిన సంగతి. ఒక్కగానొక్క గదిలో కాపురం ఉంటూ పని చేయించుకునేవారికి ఆయన నెమ్మది కష్టంగానే ఉంటుంది.

కింద హాలు సీలింగ్ అతుకులన్నీ గీకి మళ్ళీ వేయమని ఆయన్నే అడిగాను. వచ్చి, నిచ్చెన ఎక్కి, పాత పుట్టీని గోటితో గీకి చూశారు. ఈ వానలు పోయి, పొడి గాలి తిరిగాక మాఘంలో మొదలుపెడదామన్నారు. సరేనన్నాను.