యూనివర్సిటీ పాత రికార్డుల సెక్షన్: రిజిస్టర్లకి ఐదు స్టార్లు, కౌంటర్‌కి రెండే

మా అక్క 90ల్లో చేసిన బీఎస్సీకి కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ట్రాన్‌స్క్రిప్టులు, అంటే యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలు, కావాల్సొచ్చాయి. తను అక్కడే ఉంది కాబట్టి ఆథరైజేషన్ లెటర్ పట్టుకుని నేనే తిరిగాను. యూనివర్సిటీ పేరు రాయడం లేదు, లోపల పని చేసిపెట్టినవాళ్లకి ఇబ్బంది ఎందుకని.

పాత రికార్డులా, ఎప్పుడో చెదలు పట్టి ఉంటాయి అని అందరూ భయపెట్టారు. అదేం లేదండీ. ట్యాబ్యులేషన్ రిజిస్టర్లు, అంటే అందరి మార్కులూ ఎక్కించే పుస్తకాలు, ఏడాది వారీగా, మార్చి వేరు, సెప్టెంబర్ వేరు కట్టి పెట్టారు. అటెండర్ తెచ్చిన పుస్తకం తెరిస్తే బల్లంతా అదే, ఒక్కో వరుసలో హాల్ టికెట్ నంబరు, పేరు, పేపర్ల వారీగా మార్కులు, రీవాల్యుయేషన్‌లో మారిన చోట పాత అంకె కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో కొత్తది, దాని పక్కన పొట్టి సంతకం. సీనియర్ అసిస్టెంట్ గారు స్కేలు ఆనించి అక్క ఫిజిక్స్ ప్రాక్టికల్ మార్కుతో సహా గడగడా చదివేశారు. మా దగ్గరున్న మెమోలో ఆ అంకె మడత మీద ఎప్పుడో చెరిగిపోయింది. కాకపోతే పేజీల అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, స్కానింగ్ జరిగిన జాడ లేదు. టెన్షన్ పడాల్సింది అక్కడ.

కౌంటర్ సంగతి వేరు. ఏం కావాలో ఒకేసారి చెప్పరు. చలాన్ కట్టాక జిరాక్సుల మీద గెజిటెడ్ సంతకం అంటారు, అది తెస్తే టెన్త్ మెమో ఏదీ అంటారు. టెన్త్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీలో ఒక్క అక్షరమే, దానికో అఫిడవిట్. ఫోన్ ఎవరూ ఎత్తరు.

ప్రభుత్వ సర్టిఫికెట్ల యాప్ డిజీలాకర్‌లో ఉంటుందిలే అనేవాళ్లకి ఒక మాట: యూనివర్సిటీ ఎక్కించినవే అందులో కనిపిస్తాయి, అక్క బ్యాచ్ లేనే లేదు.

వెళ్లేవాళ్లు హాల్ టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం రాసుకుని వెళ్లండి. రిజిస్టర్లన్నీ నంబర్ల వరసే, పేరు చెప్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం. ఒరిజినల్ పోయి డూప్లికేట్ కావాలంటే పోలీస్ స్టేషన్ నుంచి దొరకలేదన్న సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్ కూడా అడుగుతారు. ఇంట్లో పెద్దవాళ్ల డిగ్రీ కోసమైతే అసలు ఏ యూనివర్సిటీకి వెళ్లాలో ముందు తేల్చుకోండి. నాగార్జున, కాకతీయ రెండూ 1976లో వచ్చినవే. 1970ల మొదట్లో గుంటూరులో డిగ్రీ చదివిన వాళ్ల పట్టా ఆంధ్రా యూనివర్సిటీది, వరంగల్ వాళ్లది ఉస్మానియాది.

ట్రాన్‌స్క్రిప్టులు చేతికొచ్చాయి, అంకెల్లో ఒక్క తప్పూ లేదు. సీల్డ్ కవర్ ఇచ్చినప్పుడు అంటించిన చోట స్టాంపు పూర్తిగా పడిందో లేదో అక్కడే చూసుకోండి, మాది సగమే పడితే మళ్లీ వేయించాం.