జాన్ జే, జాన్ మార్షల్: ఒకే కుర్చీ, రెండు దారులు

అమెరికా సుప్రీంకోర్టు మొదటి చీఫ్ జస్టిస్ జాన్ జే. కానీ ఆ కోర్టును నిజంగా నిలబెట్టింది ఎవరని అడిగితే నేను జాన్ మార్షల్ పేరే చెప్తాను.

జే న్యూయార్క్ లాయర్. 1789లో పదవిలోకి వచ్చేసరికి కోర్టుకు కేసులు తక్కువ, జడ్జీలు ఊరూరా తిరిగి విచారణలు చేయాల్సిన అవస్థ మాత్రం ఎక్కువ. 1794లో చీఫ్ జస్టిస్‌గా ఉండగానే బ్రిటన్‌తో ఒప్పందం కోసం లండన్ వెళ్లాడు, మరుసటి ఏడాది న్యూయార్క్ గవర్నర్‌గా ఎన్నికై రాజీనామా చేశాడు. 1800 చివర్లో ప్రెసిడెంట్ ఆడమ్స్ మళ్లీ అదే పదవికి పిలిచినా, సెనేట్ ఒప్పుకున్నా కూడా, ఆ కోర్టుకు తగిన బలం, గౌరవం లేవని జే వద్దన్నాడు.

ఆ వద్దన్న కుర్చీలోనే 1801లో కూర్చున్నాడు మార్షల్. వర్జీనియా మనిషి, కాలేజీలో లా చదివింది కొన్ని నెలలే! అప్పటిదాకా జడ్జీలు ఎవరి తీర్పు వాళ్లు చదివేవాళ్లు, ఈయన వచ్చాక చాలావరకు కోర్టంతా ఒకే గొంతుతో మాట్లాడటం మొదలైంది. 1803లో మార్బరీ కేసులో, రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని తేల్చాడు. 1835లో చనిపోయేదాకా, 34 ఏళ్లు అక్కడే ఉన్నాడు.

అయితే ఒక్క విషయంలో నా మనసు జే వైపే. ఇద్దరికీ బానిసలు ఉన్నారు, అది దాచలేం. కానీ గవర్నర్‌గా 1799లో న్యూయార్క్‌లో బానిసత్వాన్ని మెల్లమెల్లగా తొలగించే చట్టంపై సంతకం పెట్టింది జే.